తీరిన అప్పు తీరలేదట!

మదనపల్లెలో మా ఇంటి బీరువాలో ఓ ఖాకీ కవరుంది. 2012లో తీసుకున్న ఇంటి అప్పు 2022లో ఆఖరి కంతుతో సహా కట్టేసి, అసలు దస్తావేజులు అందులో పెట్టుకుని తెచ్చారు నాన్న. ఆ రోజు అమ్మ కవరుకు కూడా పసుపూ కుంకుమా పెట్టింది. పదేళ్ల అప్పు మరి!

ఆమధ్య కుప్పంలో ఉండే అక్కా బావా షాపు పెట్టుకుందామని లోనుకు వెళ్లారు. హామీగా మా ఇల్లు చూపించమన్నారు నాన్న. అక్కడి బ్యాంకాయన కంప్యూటర్లో చూసి, ‘ఈ ఇల్లు ఇంకో బ్యాంకు తాకట్టులో ఉంది కదండీ’ అన్నాడట. బావ ఫోన్లో మొహమాటపడుతూ చెప్పాడు. నాన్న మొహం చూడాలి! ‘కట్టేసినాను కదప్పా! కాయితాలు నా దగ్గరే ఉండాయి కదా!’ ఊళ్లో ఎవరికీ రూపాయి బాకీ లేనని చెప్పుకునే మనిషి. అల్లుడి దగ్గర అబద్ధమాడినట్టయింది.

పేపర్లో పనిచేస్తున్నానన్న మాటే గానీ, ఇలాంటి ఖాతా ఒకటుందని నాకూ అప్పుడే తెలిసింది. దాని పేరు సెర్సాయ్. సర్ఫేసీ చట్టం కింద 2011 మార్చి 31న మొదలైన కేంద్ర రిజిస్ట్రీ. ఒకే దస్తావేజుకు రెండు నకళ్లు పుట్టించి నాలుగు బ్యాంకుల్లో అప్పు తెచ్చే ఘనుల్ని ఆపడానికి పెట్టారు. ఎవరి ఇల్లు తాకట్టు పెట్టుకున్నా బ్యాంకు అందులో రాయాలి. అప్పు తీరితే ముప్ఫై రోజుల్లో ఆ సంగతీ రాయాలి.

మొదటిది ఏ బ్యాంకూ మరిచిపోదు. ఎందుకంటే 2020 జనవరి నుంచి, అందులో నమోదు చేయకపోతే ఆ చట్టం కింద ఇల్లు వేలం వేసుకునే హక్కే ఉండదు. రెండోది మరిచిపోతే బ్యాంకుకు పోయేదేముంది? పోయేది మనకే. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో దీనికో మందు వేసింది. అప్పు తీరిన ముప్ఫై రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోయినా, రిజిస్ట్రీలో తాకట్టు తీసేయించకపోయినా, జాప్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు కట్టివ్వాలి. కాకపోతే అది 2023 డిసెంబరు 1 నుంచి వర్తిస్తుంది. నాన్న అంతకు ముందే తీర్చేశారు. సకాలంలో కట్టినందుకు బహుమానం!

పాత బ్యాంకుకు వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే, ‘మా లెక్కలో మీకు బాకీ లేదు సార్’ అంది. మరి అక్కడెందుకుందంటే ‘అది వేరే సార్’ అంది. అప్పటి మేనేజరు బదిలీ అయిపోయాడు. బాకీ లేదన్న సర్టిఫికెట్ నకలు జతచేసి, అర్జీ రాసి, రసీదు వేయించుకున్నాం. ఐదుసార్లు తిరిగాక ఆ పేరు చెరిగింది. పనేమో కంప్యూటర్ ముందు కాసేపు కూర్చుంటే అయిపోయేదే!

ఈ కథంతా విన్న పుంగనూరు చిన్నాయన, తాను కొనబోయే స్థలం కూడా చూడమన్నాడు. ‘ఈసీ శుభ్రంగా ఉందిరా, అయినా చూడు’ అన్నాడు. సెర్సాయ్‌లో ఎవరైనా వెతకొచ్చు. రుసుము పది రూపాయలు, పైన జీఎస్టీ. చూస్తే ఆ స్థలం తాకట్టులో ఉంది! దస్తావేజులు బ్యాంకులో పెట్టి, ఆ సంగతి రిజిస్ట్రారాఫీసులో రిజిస్టరు చేయించకపోతే ఈసీలో కనపడదు. అమ్మేవాణ్ని అడిగితే ‘ఎప్పుడో తీర్చేసినా’ అన్నాడట. అబద్ధమో, మా నాన్నలాంటి నిజమో! ‘అయితే బ్యాంకులో చెప్పి పేరు తీయించుకొని రాప్పా, అడ్వాన్సు అప్పుడిస్తా’ అన్నాడు చిన్నాయన.

బావకు మాత్రం లోను వచ్చేసరికి, మాట్లాడుకున్న షాపు గది వేరేవాళ్లు తీసేసుకున్నారు. ఇప్పుడు కుప్పం బస్టాండు వైపు ఇంకోటి వెతుకుతున్నాడు. అద్దె ఎక్కువ చెబుతున్నారట.