కబురు అందినట్టు లెక్క ఎప్పుడు?

1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను ఒడిశాలో దాదాపు 10 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ డిసెంబరులోనే రాష్ట్రం విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసుకుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినా, లక్షలాది జనాన్ని ముందే తరలించడంతో మృతులు పదుల్లోనే ఆగారు. 2018 నుంచి తీరం పొడుగునా 122 సైరన్ స్తంభాలూ వచ్చాయి.

సైరన్‌కు భాష లేదు. అది నిద్ర లేపుతుంది. ఎటు వెళ్లాలో మనిషే చెప్పాలి. గంజాం, పూరీ తీరాల్లో మన జాలరుల ఇంటిమాట తెలుగు.

ఈ హెచ్చరికల వ్యవస్థను నడిపే పెద్ద అధికారిని ఎంపిక చేసేటప్పుడు చదువు, అనుభవం, వైర్‌లెస్ పరిజ్ఞానం చూడడం సబబే. బ్యాంకులో ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవాణ్ణి గనుక ఒక ప్రశ్న కలుపుతాను. అభ్యర్థి చేతికి తుపాను బులెటిన్ ఇచ్చి, "పూరీ పెంటకోటలోని ముసలమ్మకు దీన్ని రెండు ముక్కల్లో చెప్పండి" అనాలి. తెలుగు రాకపోతే ఎవరిచేత చెప్పిస్తారో, ఆమెకు అర్థమైందని ఎలా తెలుసుకుంటారో అడగాలి. బోర్డులో ఒక కుర్చీ జాలరిపేటకు వేయాలి.

బ్యాంకు నోటీసు రిజిస్టరు పోస్టులో వేస్తే మా పని తీరిపోయేది. తుపాను కబురు అలా కాదు. విన్నవాళ్లు లేచి తుపాను షెల్టరు చేరినప్పుడే అది అందినట్టు లెక్క.