మా నాన్న వేసిన పాచిక

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అయ్యేసరికి నా ఫోన్లో రెండు మెయిల్స్ ఉన్నాయి. ఒకటి హైదరాబాద్‌లో డేటా అనలిస్ట్ ఉద్యోగం. రెండోది సముద్ర తాబేళ్ల మీద పరిశోధన ప్రాజెక్టులో ఫెలోషిప్. రెండోదానికే సరే అన్నానని చెప్తే ఇంట్లో పెద్ద గోలే అయింది. మాది శ్రీకాకుళం తీరంలో చిన్న ఊరు. నాన్న మరబోటు మీద వేటకెళ్తాడు. "ఇన్నేళ్లు నెక్కలు సదివింది తాబేళ్లని నెక్కెట్టడానికేటే?" అన్నాడు.

నిజానికి అందుకే! సముద్రం మీద పరిశోధన అనగానే స్కూబా డైవింగ్ అనుకుంటారు. నాకు ఈత కూడా సరిగ్గా రాదు (నవ్వకండి, మా ఇంట్లో ఆడపిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వరు). నా పనంతా లాప్‌టాప్‌లో, 'ఆర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో.

ఏటా శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిన జీవాలు. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతాయి. ఒడ్డున 40 కళేబరాలు కనిపిస్తే చచ్చినవి 40 అని కాదు. మునిగిపోయినవి, వేరే వైపు కొట్టుకుపోయినవి ఎన్నో? కనిపించినదాన్నుంచి కనిపించనిదాన్ని అంచనా వేయడమే మా సబ్జెక్టు. నాన్నకి ఇది వెంటనే అర్థమైంది. "వల్లో సేప పడనేదని సంద్రంలో సేప నేనట్టా?" అన్నాడు. మా ప్రొఫెసర్ ఒక సెమిస్టర్ అంతా చెప్పింది అదే.

అసలు చిక్కు బోట్ల దగ్గర వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు షెడ్యూల్ 1లో ఉంది. "మీ వల్లో తాబేలు పడిందా?" అని అడిగితే ఎవరు ఔనంటారు? అందరూ లేదనే అన్నారు. నాన్న కూడా. నా షీటు నిండా సున్నాలే. ఆ సున్నాలు అబద్ధమని నాకు తెలుసు, నిజం రాస్తే వేట ఆపేస్తారని నాన్న భయం. నిజం చెప్పాలంటే, అది నా భయం కూడా. నా ఫీజులు కట్టింది ఆ బోటే కదా.

దీనికీ లెక్కల్లో దారుంది. 1965లో స్టాన్లీ వార్నర్ మొదలెట్టిన పద్ధతికి ఇదో రూపం. పాచిక వేసి, ఎంత పడిందో మాకు చూపించకూడదు. 1 పడితే 'ఔను' అనాలి, 6 పడితే 'లేదు' అనాలి, మిగతావి పడితేనే నిజం చెప్పాలి. ఎవరి 'ఔను' నిజమో ఎవరికీ తెలీదు. కానీ 60 మందిలో సుమారు పదిమంది పాచిక వల్లే ఔనంటారు. మొత్తం 30 ఔనులొస్తే, ఆ పదీ తీసేయగా నిజం చెప్పిన 40 మందిలో 20 మందికి తాబేలు పడిందన్నమాట. మనిషి దొరకడు, లెక్క దొరుకుతుంది.

నాలాగే రావాలనుకునేవాళ్లు మెసేజ్‌లు పెడుతుంటారు. జువాలజీయే అక్కర్లేదు. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం ఉంది, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీలో మాస్టర్స్ ఉంది. విదేశాల్లో అయితే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్, సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఈ లెక్కలకి పేరున్నవి. అక్కడ అప్లికేషన్ కంటే ముందు ప్రొఫెసర్‌కి మెయిల్ రాయాలి. ఆయన పేపర్ ఒకటైనా చదివి రాయండి, కాపీ పేస్ట్ మెయిల్ ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ నెట్ క్వాలిఫై అయితే జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకి 37,000. చేతికి రావడం మాత్రం ఆలస్యమవుతుంది. నాకు మొదటి డబ్బు ఐదో నెలలో వచ్చింది.

సర్వేకి ముందు నాన్న మీదే ట్రయల్ వేశాను, తమ్ముడి లూడో పాచికతో. నాన్న పాచిక వేసి, అరచేత్తో మూసి, కాసేపు అలాగే కూర్చున్నాడు. "ఔను" అన్నాడు. పాచిక తీసి జేబులో వేసుకుని బోటు దగ్గరికి వెళ్లిపోయాడు.