చాతకమును చూచితిమి

జ్యేష్ఠము ముగియవచ్చినను ఎండ తన పట్టు విడువని మొన్నటి ఆదివారమున, టెక్కలి ప్రాంతమునుండి చుట్టపుచూపుగా వచ్చిన మా మేనమామను వెంటబెట్టుకొని, హైదరాబాదు శివార్లలోని అమీన్‌పూర్ చెరువునకు పోయితిని. 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రకటింపబడిన ఆ చెరువు చుట్టును అపార్టుమెంట్లు దడికట్టినట్లు లేచినవి. వాని మాట విడుతము.

తేలినీలాపురపు చెట్లపై గూడబాతులు పిల్లలనెత్తుట చిన్ననాటినుండి చూచిన మామయ్యకు నా దుర్భిణితో పనిలేకపోయెను. అవి సైబీరియానుండి వచ్చునని ఆయన నమ్మకము, ఆ జాతి దక్షిణాసియాదే యని నేననగా, "ఏటిరా, నువ్వెళ్ళి అడిగొచ్చావా?" అని నోరెత్తనీయలేదు.

అంతలో, నైరృతి ఋతుపవనములతోపాటు ఆఫ్రికానుండి సముద్రము దాటివచ్చి, పరుల గూళ్ళలో గ్రుడ్లుపెట్టి, పిల్లల పెంపకపు భారమును నిశ్చింతగా వారికే యప్పగించు చాతకమొకటి, నలుపు తెలుపుల మేనితో, నిక్కిన సిగతో ఎదుటి తుమ్మకొమ్మపై వ్రాలెను. మేఘుడు రాల్చిన చినుకు తప్ప వేఱు జలము ముట్టదని కవిసమయము. భోజనవిషయమున మాత్రము అంతటి నియమమున్నట్లు కానరాలేదు, బొచ్చుగొంగళి నొకదానిని కొమ్మకేసి మోది తాపీగా మ్రింగినది.

మామయ్యను కట్టివేసినది మాత్రము గిజిగాడు. సగమల్లిన గూటిని పట్టుకొని వ్రేలాడుచు, ఱెక్కలల్లార్చి మగపక్షి పిలుచుచుండగా, ఆడపక్షి వచ్చి లోనికి తొంగిచూచి పోవుచుండెను. సంబంధము కుదిరినదో లేదో తేలువఱకు కదలనని ఆయన పట్టుబట్టుటచే, మాకు భోజనము మూడు గంటలకుగాని దొరకలేదు.