మన జిల్లావాడి ఓటు

మొన్న ఆదివారం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంట భోజనాలయ్యాక, కబుర్లు ఆటల సంఘాల పెద్దల మీదికి మళ్ళాయి. 1952 నుంచి 1972 దాకా ఒలింపిక్ కమిటీని ఏలిన ఏవరీ బ్రండేజ్ మన పక్కనున్న డెట్రాయిట్‌లోనే పుట్టాడు. అయినా 1968 ఆటల కోసం 1963లో జరిగిన ఓటింగులో మెక్సికో నగరానికి 30 ఓట్లు వస్తే డెట్రాయిట్‌కు 14 వచ్చాయి. పెద్దాయన మన ఊరివాడైతే చాలదన్నమాట!

ఓట్ల లెక్క తెలిసినవాడు బ్రెజిల్ హావెలాంజ్. ఫుట్‌బాల్ సమాఖ్యలో చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఒక్కటే ఓటు. ఆయన ఆఫ్రికా దేశాలు తిరిగి, ప్రపంచకప్పులో మరిన్ని చోట్లు ఇప్పిస్తానని మాటిచ్చి, 1974లో స్టాన్లీ రౌస్‌ను ఓడించాడు. 1982లో జట్లు 16 నుంచి 24 అయ్యాయి. అంతవరకూ ఒక్క చోటే ఉన్న ఆఫ్రికాకు రెండు దక్కాయి. ఆయన మాత్రం 24 ఏళ్ళు కుర్చీ దిగలేదు.

ఇదంతా చెప్పుకుని నవ్వుకున్నాం. మా అమ్మాయి నవ్వలేదు. “పోయినసారి మన సంఘం ఎన్నికల్లో మీరూ మన జిల్లావాళ్ళని చూసి వెయ్యలేదూ?” అంది.

మాకు జవాబు తోచలేదు. హావెలాంజ్‌కు ఓటేసినవారికి కనీసం ఒక చోటు దక్కింది. మేము ఏమీ అడగనే లేదు. ఈసారి అభ్యర్థి ఊరు అడగం. పిల్లల తెలుగు తరగతులకు ఏం చేస్తారో అడుగుతాం.