రెక్కల కష్టం

తెలుగులో చేతికి ఉన్నన్ని పేర్లు మరే అవయవానికీ లేవేమో. హస్తమనీ కరమనీ అనేవి పుస్తకాల మాటలు. భుజానికీ మోచేతికీ నడుమ ఉన్న భాగాన్ని కొందరు దండ అంటారు, కొందరు జబ్బ అంటారు. మా అత్తవారి వైపు మొత్తం చేతినే రెక్క అనేస్తారు. రెక్కాడితేగాని డొక్కాడదనీ, రెక్కలు ముక్కలు చేసుకున్నామనీ అందరం అనేదే కదా. చిత్రమేమిటంటే ఇంగ్లీషువాళ్ళు కూడా ఆడవాళ్ళ దండల కింద వేలాడే చర్మాన్ని గబ్బిలం రెక్కలంటారు. వాళ్ళ రెక్క వెక్కిరింతకి, మన రెక్క కష్టానికి. అంతే తేడా.

ఈ దండల సంగతి మగవాళ్ళకి ఎంత చెప్పినా తలకెక్కదు. చొక్కా తొడిగి గుండీలు పెట్టుకుంటే వాళ్ళ పని అయిపోయింది. మనకలా కాదు. నడుము లావైతే పమిట కాస్తుంది, పొట్ట పెరిగితే కుచ్చిళ్ళు కాస్తాయి. దండల దగ్గరికి వచ్చేసరికి చీర చేతులెత్తేస్తుంది. జాకెట్టు చేతులు దాచేది సగమే. మిగతా సగం బస్సులో పైకడ్డీ పట్టుకున్నప్పుడూ, దండెం మీద బట్టలు ఆరేసినప్పుడూ, బతుకమ్మను నెత్తిన పెట్టుకుని నడిచినప్పుడూ ఊరందరి కళ్ళా పడుతుంది. పెళ్ళికి ముందు చేతుల్లేని జాకెట్టు కోసం అమ్మతో పోట్లాడిన మనమే నలభై దాటాక దర్జీతో "మోచేతి దాకా పెట్టు నాయనా" అంటాం. ఫ్యాషన్ మారిందనుకుంటాం గాని, సగం సార్లు మారింది దండలే. తిరుమలగిరి అంగట్లో, తండాల నుంచి వచ్చే పెద్ద వయసు లంబాడీ ఆడవాళ్ళను చూసినప్పుడల్లా నాకు అసూయగా ఉంటుంది. మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లగాజులు. ఇక ఆ దండ లావో సన్నమో బ్రహ్మదేవుడికి తెలియాలి.

తిరుమలగిరి అంటే సికింద్రాబాదు కంటోన్మెంటులోది కాదండోయ్. సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే రోడ్డు మీద ఉన్న తిరుమలగిరి. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. మా ఆడబిడ్డను మేనరికం ఇచ్చారు కనుక ఆమె పుట్టిల్లూ అత్తిల్లూ ఆ ఊరే. హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమెకి షుగరు వచ్చింది. డాక్టరు గట్టిగా మందలించేసరికి రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెలోకి దిగింది. తెల్లవారుజామున మార్కెట్ యార్డు రోడ్డున నడక. రెండున్నరేళ్ళలో తొంభైనాలుగు కిలోల మనిషి అరవైమూడుకి వచ్చింది. ఊళ్ళో ఆమెను చూసి నడక మొదలుపెట్టిన వాళ్ళే పది మంది ఉన్నారు.

కాని దిండులోంచి దూది తీసేస్తే గలీబు ఏమవుతుంది? కొవ్వు కరిగింది, ఏళ్ళ తరబడి సాగిన చర్మం మాత్రం వెనక్కి పోలేదు. రెండు దండల కిందా జోలె వేలాడినట్టు వేలాడేది. వ్యాయామం చేస్తే పోతుందన్నారెవరో. లీటరు నీళ్ళసీసా చేతికొకటి పట్టుకుని ఆరు నెలలు ఎత్తింది. లోపల కండ గట్టిపడింది, పైన చర్మం అలాగే ఉంది. ఎండాకాలం ఆ ముడత ఒరుసుకుని చంక దగ్గర పొక్కేది. పౌడరు, మందు, మళ్ళీ పొక్కడం.

నాతో ఒక రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు చెప్పింది. "వదినె, నవ్వొద్దు. బోర్డు మీద రాస్తుంటె వెనక పిల్లలు ముసిముసి నవ్వుతున్రు. ఒకడు చెయ్యి లేపి గట్లనే ఊపి సూపెట్టిండు. కొట్టబుద్ధి కాలే. నేను గూడ అద్దంల సూసుకున్న గద." అప్పటినుంచి ఎడంచేత్తో కుడి దండ పట్టుకుని బోర్డు మీద లెక్కలు వేస్తోందట. నవ్వు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి!

ఈ వేలాడే చర్మాన్ని కోసి కుట్టే ఆపరేషన్ కొత్తదేం కాదు. 1954లోనే అర్జెంటీనా డాక్టర్లు ఇద్దరు దాని విధానం రాసిపెట్టారు. బరువు తగ్గించే ఆపరేషన్లు పెరిగాక ఇదీ పెరిగింది. మా ఆడబిడ్డ ఫోనులో చదివి, చీటీ పాడుకున్న డబ్బు లెక్కపెట్టుకుని, అప్పుడు బయట పెట్టింది. ఇంట్లో పెద్ద రగడే అయింది.

మా అత్తమ్మ ఆ కాలంలో మోకాలి లోతు బురదలో నాట్లేసిన మనిషి. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో కూడా ఆమె దండలు మోకు పేనినట్టుంటాయి. "రెక్కలున్నది పనికా, సూసుకోవడానికా? మంచిగున్న రెక్కలు కోపిచ్చుకుంటవా బిడ్డా? గా పైసలతోటి దండకడియాలు చేపిచ్చుకో, కప్పినట్టయితది" అంది. తులం డెబ్బైవేలు దాటిన 2024 సంవత్సరంలో రెండు లక్షలకి మూడు తులాలు కూడా రావనీ, వచ్చినా ఒక చేతికే సరిపోతాయనీ ఆమెకి ఎవరు చెప్పగలరు? ఆ తరువాత అసలు భయం బయటపడింది. "గా సినిమా పిల్ల సచ్చిపాయె గద!"

ఆమె అన్నది ఆర్తీ అగర్వాల్ గురించి. 2015 జూన్‌లో, ముప్ఫై ఒక్క ఏళ్ళకే, అమెరికాలో పోయింది. కొద్ది వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకున్నదని పత్రికలన్నీ రాశాయి. 'నువ్వు నాకు నచ్చావ్' టీవీలో వచ్చినప్పుడల్లా మా అత్తమ్మ ఆ పిల్ల కోసం ఇప్పటికీ నిట్టూరుస్తుంది. కొవ్వు పీల్చేది వేరు, చర్మం కోసేది వేరు అని వాదించవచ్చు. కాని మత్తు మత్తే, కత్తి కత్తే. ఆ భయం తప్పని నేననలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, వినవలసిందంతా విని తేల్చుకుందామన్నాను.

సూర్యాపేటలో 2019లో మెడికల్ కాలేజీ వచ్చినా, ఇలాంటివాటికి హైదరాబాదే. ఎం.ఎస్. తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. చదివిన డాక్టరేనా కాదా అని ముందే విచారించుకున్నాం. బ్యూటీ పార్లరు మెట్ల పక్కన బోర్డు పెట్టిన ప్రతివాడూ సర్జను కాడు గదా. రిజిస్టరులో గుమాస్తా సికింద్రాబాదు తిరుమలగిరి అని రాసుకుంటే, ఆడబిడ్డ రెండుసార్లు దిద్దించింది.

గది ముందు బెంచీల మీద ఒక గంట కూర్చున్నాం. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్ళ ముక్కులే అనుకుంటాం. అక్కడ స్టవ్ పేలి మెడా చెయ్యీ అంటుకుపోయిన పిల్ల ఉంది, మిషన్‌లో వేళ్ళు నలిగిన కుర్రాడున్నాడు, గ్రహణం మొర్రితో పుట్టిన పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఉంది. ఈ ప్లాస్టిక్‌కీ మన ప్లాస్టిక్ బిందెకీ సంబంధం లేదు, మలచడమని అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. మా ఆడబిడ్డ పమిట దండల మీదికి లాక్కుంది. "వీళ్ళ నడుమ నాదేం కష్టం వదినె, పోదాం పా" అంది. లేచింది కూడా. సరిగ్గా అప్పుడే పేరు పిలిచారు.

డాక్టరు మాత్రం పొగడలేదు, తొందర పెట్టలేదు. చర్మం చిటికెలో పట్టి చూశాడు. "కొంచెమే వదులైతే చంకలో చిన్నగాటుతో పోయేది. మీకు చంక నుంచి మోచేతి దాకా, లోపలివైపు, పొడుగ్గా కోయాలి. ఆ మచ్చ సన్నబడుతుంది గాని పోదు. మన చర్మానికి మచ్చ ఉబ్బే గుణం కాస్త ఎక్కువ. వదులు చర్మం కావాలో గీత కావాలో మీరే ఆలోచించుకోండి" అన్నాడు. బరువు ఆరు నెలలుగా నిలకడగా ఉందా, షుగరు అదుపులో ఉందా, రక్తం ఎంత ఉంది, రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నారా అని అడిగాడు. రొమ్ము కాన్సరుకి చంకలో గడ్డలు తీయించుకున్నారా అని కూడా అడిగాడు. అలాంటివాళ్ళకి ఈ ఆపరేషన్ చేస్తే చెయ్యి వాచే ప్రమాదం ఉందట. ఇన్స్యూరెన్స్ సంగతి నేను అడిగాను. అందం కోసం చేసేవాటికి పాలసీ పైసా ఇవ్వదు.

నెల్లాళ్ళు ఆలోచించుకుని, 2024 దసరా సెలవుల మొదట్లో చేయించుకుంది. పూర్తి మత్తులో మూడు గంటలు పట్టింది. తోడు నేనే. ఆ పది రోజుల ముచ్చట ఏ ప్రకటనలోనూ ఉండదు, అందుకే చెబుతున్నాను. రెండు చేతులకీ కట్లు, లోపల చేరే నీరు బయటికి రావడానికి సన్నగొట్టాలు. మూడో రోజున గొట్టాలు తీశారు. చేతులు కమిలి వంకాయ రంగు తేలాయి. భుజం కంటే పైకి ఎత్తకూడదు. అంటే తల దువ్వుకోవడం లేదు, జాకెట్టు తొడుక్కోవడం లేదు, తొలి రోజుల్లో స్నానాలగదిలో కూడా మనిషి కావాలి. నిండు బిందె ఎత్తడమన్నది నెలన్నర దాకా తలపెట్టరాదు. పైగా ఆరు వారాల పాటు రాత్రింబవళ్ళు బిగుతైన సాగే తొడుగు. ఆ ఉక్కలో దాన్ని తొడిగేటప్పుడు మేమిద్దరం పడ్డ పాట్లకి ఒకసారి నవ్వొచ్చి ఇద్దరం మంచం మీద కూలబడ్డాం. నవ్వితే కుట్లు లాగి ఆమెకి ఏడుపొచ్చింది.

పన్నెండో రోజున కుడి చంకలో కుట్టు కాస్త విచ్చింది. అక్కడ చర్మం లాగుడు ఎక్కువ కనుక ఇది తరచూ జరిగేదేనని డాక్టరు ముందే చెప్పాడు. రోజు విడిచి రోజు కట్టు మార్చుకుంటూ మూడు వారాలకి మానింది. స్కూలుకి వెళ్ళాక బోర్డు మీద రాయడం దస్తూరీ బాగున్న ఒక పిల్లకి అప్పగించి, తను కుర్చీలోంచి లెక్క చెప్పేది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా ఆడబిడ్డ అరుగు మీద కూర్చుని ఉండిపోయింది. అత్తమ్మ తంగేడుపూలు, గునుగుపూలు పేరుస్తూ మాట్లాడలేదు. తన కూతురి బతుకమ్మ తనే నెత్తిన పెట్టుకుని చెరువుకి నడిచింది, ఆ వయసులో. వెనక్కి వచ్చాక కూడా మాట్లాడలేదు. రాత్రి మాత్రం అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టింది.

మొదటి నెలల్లో మచ్చలు ఎర్రగా, తాడు అంటించినట్టు కనిపించేవి. సిలికాన్ పట్టీలు వేసుకుంది. ఏడాది తిరిగేసరికి గోధుమరంగు గీతలయ్యాయి. చెయ్యి దించితే కనబడవు, ఎత్తితే కనబడతాయి. 2025 బతుకమ్మకు తనే ఎత్తుకుంది. "రెక్కకేమైందమ్మా, కాలిందా?" అని ఒకామె అడిగితే "లేదక్కా, కోపిచ్చుకున్న" అంది. ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది. చంకలో పొక్కడం లేదు. బోర్డు మీద కుడిచెయ్యే రాస్తోంది, ఎడంచెయ్యి పుస్తకం పట్టుకుంటోంది. ఇరవై రెండు జాకెట్లకి చేతులు కుదించాలి, దర్జీ ఒక్కోదానికి కొత్తదానికి అడిగినంతా అడుగుతున్నాడు. ఆ ఖర్చు మేం లెక్కలో వేసుకోలేదు.

మిగిలింది ఒక్కటే. ముంజేతి లోపలివైపు అరచేతి మేర స్పర్శ పోయింది. అక్కడి సన్నని నరం ఆపరేషన్ దారికి దగ్గర, కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి రాదు అన్నారు. మా అత్తమ్మ ఈ మాట మనసులో పెట్టేసుకుంది. కూతురు కనబడ్డప్పుడల్లా చెయ్యి పట్టుకుని అక్కడ గిల్లుతుంది. "తెలుస్తుందా బిడ్డా?" "లేదమ్మా." ఏడాది పాటు ఇదే వరస. మొన్న దీపావళికి మేం వెళ్ళినప్పుడు కూడా వంటింటి గడప మీద కూర్చుని గిల్లింది.

"అబ్బా, నొస్తందే అమ్మా!" అంది మా ఆడబిడ్డ.

ముసలావిడ ముఖం చేటంత అయింది. నిజమా కాదా అని మళ్ళీ ఒకసారి గిల్లింది.