గాజుల్ని గుర్తుపట్టాను

నా ఉద్యోగంలో సగం కాలం సంతకాలు పోల్చి చూడడంతోనే గడిచింది. చెక్కు మీది సంతకానికీ, స్పెసిమెన్ కార్డు మీది సంతకానికీ కాస్త తేడా కనిపించినా డబ్బివ్వం. ఎంత ఎరిగిన ఖాతాదారైనా "ఇంకోసారి పెట్టండి సార్" అంటాం. అటువంటి నేను సంతకాన్ని గాక మనిషిని పోల్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఎంత తబ్బిబ్బయ్యానో ఇన్నాళ్ళకు రాయాలనిపించింది.

2009లో మేం బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా కేంద్రంలో ఉండేవాళ్ళం. సంక్రాంతికి అమ్మతో సహా అందరం ఉరవకొండలో మా అత్తగారింటికి వెళ్ళి నాలుగో రోజు సాయంకాలం తిరిగొచ్చాం. పెరటి తలుపు గడియ ఊడి ఉంది. బీరువా బార్లా తెరిచి ఉంది. అమ్మ గాజుల జత, మా ఆవిడ నల్లపూసల గొలుసు, వెండి కుంకుమ భరిణె, కొంత నగదు పోయాయి. అమ్మ ఏడవలేదు. "చేతికుంటే ఉండేవి గదరా, బస్సులో భయమని నువ్వే తీయించావు" అంది, అంతే. నాకు రాత్రంతా నిద్ర లేదు.

ఫిర్యాదులో నేనే ఒక మాట రాశాను. ఊరికి వెళ్ళే ముందురోజు రాత్రి ఎదురుగా కల్వర్టు మీద మఫ్లరు చుట్టుకున్న మనిషొకడు మా ఇంటివైపు చూస్తూ కూర్చున్నాడని. చూసినమాట నిజం. వీధి దీపం దూరం, చలికాలం, మఫ్లరు. చూసింది ఆకారాన్నే.

పది రోజులకు కబురొచ్చింది. పట్టుబడినవాడు ఇరవయ్యేళ్ళ కుర్రాడు. చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే పండక్కి ముందు మా ఇంటికి రంగులేసిన ఇద్దరిలో ఒకడు. నాలుగు రోజులు మా ఇంట్లో టీ తాగినవాడు. అమ్మ గాజులు కుదువ కొట్టులో దొరికాయి. మేం ఊరినుంచి వచ్చిన మూడోనాడే అతను కుదువ పెట్టినట్టు సేటు రిజిస్టరులో సంతకం ఉంది. బీరువా తలుపు మీద అతని వేలిముద్ర కూడా దొరికింది. ఇంకేం కావాలి అనుకున్నాం అందరం.

ఎరగని మనిషైతే అదే వయసు వాళ్ళ మధ్య నిలబెట్టి గుర్తుపట్టమంటారు. ఇతను ఎరిగినవాడు గనక ఆ పని జరగలేదు. జరిగినా నేను ఠక్కున వేలు చూపించేవాణ్ణి. ఆ చూపించడం రంగులేసినవాణ్ణి చూపించడమే అయ్యేది.

మా బావమరిది ఉండబట్టలేక అన్నాడు. "బావా, గాజులు వాడి దగ్గరే దొరికాయి. మఫ్లరు వాడు కూడా వీడేనని ఒక్క మాటను. కేసు గట్టిగా నిలుస్తుంది."

"ముఖం చూడలేదయ్యా."

"దొంగ వీడేనని తెలిశాక కూడా ముఖం గుర్తు రాదా నీకు?"

అతని మాట విని నవ్వుకున్నాను గాని, వారం తిరిగేసరికి నాకే అనుమానం మొదలైంది. కళ్ళు మూసుకుంటే కల్వర్టు కనిపించేది, మఫ్లరు కనిపించేది, ఆ మఫ్లరులోంచి ఈ కుర్రాడి ముఖమే కనిపించేది! ముందు లేని ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది? పోలీసులు చూపించిన తర్వాతే వచ్చింది. అది నాకు తెలుసు. తెలిసినా అది చెరగలేదు. సాక్షి అబద్ధమాడాలని పనిగట్టుకోనక్కర్లేదు, ఊరికే తన జ్ఞాపకాన్ని నమ్మితే చాలునని అప్పుడు అర్థమైంది.

బ్యాంకులో లెక్క కుదరకపోతే తేడాని సస్పెన్స్ ఖాతాలో పెడతాం గాని, కనిపించిన ఖాతాలో రాసెయ్యం. రాత్రి తొమ్మిదైనా ఆ వోచరు దొరికేదాకా వెతుకుతాం. ఈ అలవాటే చివరికి నన్ను ఆపిందనుకుంటాను.

విచారణ 2012లో వచ్చింది. కోర్టులో అంతా కన్నడం. పుట్టి పెరిగింది ఇక్కడే గనక ఇబ్బంది లేదు గాని, బోనెక్కితే మాత్రం నోటికి ముందు తెలుగే వచ్చింది. కుర్రాడి తరపు లాయరు మొదట గాజులు పట్టుకున్నాడు. "బజార్లో ఇటువంటివి వందల జతలు. మీవేనని ఎలా చెప్తారు?" దానికి నా దగ్గర జవాబుంది. అమ్మ చెయ్యి లావెక్కాక కంసాలి ఒక గాజు కోసి చిన్న ముక్క అతికాడు. అతుకు దగ్గర బంగారం కాస్త ఎర్రగా ఉంటుంది. పైగా 2006లో వాటి మీద నేనే అప్పు తీసుకున్నాను. అప్రైజర్ తూచి రాసిన బరువు జతకు 31.400 గ్రాములు. కోర్టులో ఉన్నవీ అంతే తూగాయి. లాయరు మరి మాట్లాడలేదు.

తర్వాత వేలిముద్ర. "రంగులు వేసేటప్పుడు బీరువా జరిపారా?" జరిపాం. "ఎవరు పట్టుకున్నారు?" ఒకవైపు నేను, రెండోవైపు ఆ కుర్రాడు. "ముద్ర తలుపుకు బయటివైపునే గదా?" అవును. మా ఆవిడ వెనక బెంచీ మీద ఉంది. నేను ఆమెవైపు చూడలేదు.

చివర్న కల్వర్టు. ఆకారం చూశాను, ముఖం చూడలేదు అన్నాను.

బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవాణ్ణే గాని ఈ విషయాలు నాకు తెలియవు. ఆ తర్వాత పట్టుదలగా చదివాను. కంటితో చూసినవాళ్ళు లేకపోయినా చుట్టూ ఉన్న ఆధారాలతో దొంగతనానికి శిక్ష వెయ్యవచ్చు, సందేహం లేదు. సొత్తు పోయిన కొద్ది కాలానికే ఎవరి దగ్గర దొరికిందో, అతను అది ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, అతనే దొంగ అనిగాని, దొంగసొత్తని తెలిసి పుచ్చుకున్నవాడనిగాని కోర్టు భావించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లో ఉదాహరణగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అదే 119వ సెక్షన్ అయింది. "అనిగాని" అన్న ఆ చిన్న మాటలోనే ఉంది చిక్కంతా. ఇక శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలు చెప్పింది. వాటి సారాంశం, ఆధారాలన్నీ గొలుసులా కలవాలి, నేరం చేశాడనడానికి తప్ప మరో అర్థానికి చోటివ్వకూడదు అని.

వేలిముద్రల కథ ఇంకా ఆసక్తికరం. 1897లో బెంగాల్‌లోని జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అతని పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం మీది గోధుమరంగు మరకల్లో ఒకటి, ఆయన దగ్గర ఒకప్పుడు దొంగతనం చేసి జైలుకెళ్ళిన నౌకరు కంగాలీ చరణ్ బొటనవేలి ముద్రతో సరిపోయింది. 1898లో కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసింది గాని, చంపుతుండగా చూసినవాళ్ళు లేరని హత్యానేరం కొట్టేసింది. 1902లో లండన్‌లో హ్యారీ జాక్సన్ అనేవాడు ఒక ఇంట్లో బిలియర్డ్ బంతులు దొంగిలించి, కొత్తగా రంగు వేసిన కిటికీ గట్టు మీద ముద్ర వదిలి ఏడేళ్ళు జైలుకు వెళ్ళాడు. అక్కడ రంగే ముద్రపడిన సమయం చెప్పింది. మా ఇంట్లోనూ కొత్త రంగే, కాని వేసినవాడే అతను! ముద్ర ఎవరిదో శాస్త్రం చెప్తుంది గాని ఎప్పటిదో, ఏ పనిమీద పడిందో చెప్పదు గదా.

మేజిస్ట్రేటు వేలిముద్రను లెక్కలోకి తీసుకోలేదు. కల్వర్టు మాట ఎలాగూ తేలిపోయింది. గాజులు మావేనని, కుదువ పెట్టింది ఆ కుర్రాడేనని రుజువైంది. మేస్త్రీ ఇచ్చి పంపాడని అతను చెప్పాడు గాని, ఆ మేస్త్రీ ఎవరో చూపించలేకపోయాడు. రాత్రిపూట ఇంట్లో దూరిన నేరం, ఇంట్లో దొంగతనం నేరం, అంటే అప్పటి శిక్షాస్మృతిలో 457, 380 సెక్షన్లు, రెండూ కొట్టేసి, దొంగసొత్తు పుచ్చుకున్నందుకు 411 కింద ఏడాది శిక్ష వేశారు. విచారణ ఖైదీగా అప్పటికే ఎనిమిది నెలలు ఉన్నాడు గనక అవి తీసేశారు.

మా ఆవిడకు నచ్చలేదు. "ఎవరు జరిపారంటే గుర్తులేదంటే పోయేది గదా" అని ఇప్పటికీ అంటుంది. గుర్తుంది మరి, ఏం చెయ్యను? అంత బరువు బీరువా ఒక్కణ్ణీ జరపలేనని ఆవిడకూ తెలుసు.

గాజులు కోర్టునుంచి తెచ్చి అమ్మ చేతికి తొడిగాను. అతుకున్న గాజు తిప్పి చూసుకుని, "మరి కోడలి నల్లపూసలో?" అంది. సేటు రిజిస్టరంతా తిరగేసినా వాటి జాడ లేదు. ఆ కుర్రాడు వాటి సంగతి తనకు తెలియదన్నాడు. కుంకుమ భరిణె కూడా ఈనాటికీ దొరకలేదు.