సూర్యాపేట దాటని రాత్రి

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 65. హయత్‌నగర్ దాటితే చౌటుప్పల్, చిట్యాల, నార్కెట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ... కండక్టరులా గడగడా చెప్పేయగలను. మాది నందిగామ. పండక్కీ పబ్బానికీ, పెళ్లికీ చావుకీ ఇదే దారి. కళ్లు మూసుకుని వెళ్లిపోతానని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాణ్ని.

కళ్లు తెరుచుకుని కూడా వెళ్లలేని రాత్రి ఒకటి వస్తుందని అప్పట్లో తెలీదు.

నాకు కెరటోకోనస్. పేరు నోరు తిరగదుగానీ సంగతి తేలికే. కంటి ముందుభాగాన అద్దంలా ఉండే పొర కార్నియా. మామూలుగా అది నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కొందరిలో పల్చబడి, ముందుకు పొడుచుకొచ్చి శంకు ఆకారంలోకి మారుతుంది. సాధారణంగా టీనేజీలోనో ఇరవైల్లోనో మొదలై కొన్నేళ్లపాటు ముదురుతుంది. కళ్లు నలుపుకునే అలవాటుకీ దీనికీ సంబంధం ఉందంటారు డాక్టర్లు. (చిన్నప్పుడు మా అమ్మ 'కళ్లు నలపకురా' అంటూ మొట్టికాయలు వేసేది. ఆవిడ ఏ మెడికల్ కాలేజీలో చదివిందో!) పగలు ఎలాగో నెట్టుకురావచ్చు. చీకటి పడ్డాక కంటిపాప పెద్దదవుతుంది కదా... అప్పుడు వంకర తిరిగిన భాగంలోంచి కూడా వెలుగు లోపలికి వచ్చేస్తుంది. ఒక్క హెడ్‌లైటు నాలుగవుతుంది. ఒక్కోదానికీ ఓ తోక, చుట్టూ వలయం. ఎదురుగా వచ్చేది లారీయా, రెండు బైకులా, పెళ్లి ఊరేగింపా అన్నది తేల్చుకోవడానికే రెండు సెకన్లు పడుతుంది.

ఆ రెండు సెకన్ల లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డిమ్‌లో పెడితే హెడ్‌లైట్లు చూపించే రోడ్డు సుమారు 50 మీటర్లు. ఎదుట ఉన్నదేమిటో తేలేసరికి, ఆ రోడ్డు దాదాపు అయిపోతుంది.

జబ్బు ముదిరితే దీనికి మామూలు కళ్లద్దాలు చాలవు. గట్టిగా ఉండే ప్రత్యేకమైన కాంటాక్టు లెన్సులు పెట్టుకోవాలి. లెన్సుకీ కార్నియాకీ మధ్య కన్నీటి పొర చేరి ఎత్తుపల్లాల్ని సర్దేస్తుంది, గుంతల రోడ్డుకు తారు పోసినట్టు. అవి ఉంటే నాకు రాత్రిళ్లు కూడా చాలావరకు ఫరవాలేదు. చిక్కేమిటంటే పొద్దున్న పెట్టుకున్న లెన్సు సాయంత్రమయ్యేసరికి ఆరిపోయి గరగరలాడుతుంది. దాని కిందికి ఓ దుమ్ము రేణువు దూరిందా, కంట్లో కారం కొట్టినట్టే.

2022 నవంబరులో ఒక సాయంత్రం ఆరుంబావుకి ఫోనొచ్చింది. పక్కింటి పిన్నిగారు. 'అమ్మ పెరట్లో జారిపడింది నాయనా. కాలు కదపలేకపోతోంది. ఆస్పత్రికి తీసుకెళుతున్నాం, నువ్వేం కంగారుపడకు' అంది. కంగారుపడొద్దన్నాక ఎవరైనా ఆగుతారా? ఆఫీసు నుంచి అట్నుంచటే బయల్దేరాను. లెన్సులు పెట్టుకుని అప్పటికే పది గంటలైంది.

ఎల్బీనగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వీధిదీపాలూ దుకాణాలూ ఉంటాయి కాబట్టి బండి నడిచిపోతుంది. అసలు చీకటి ఆ తర్వాత. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా పట్టపగల్లా వెలిగిపోతుంటుంది. అది దాటామా, నెత్తిమీద ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. మంచి కన్నయినా సరే, బాగా వెలుతురు నుంచి చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. టోల్ కట్టి రెండు నిమిషాలు పక్కన ఆగుదామంటే వెనకవాడు అప్పటికే హారన్ మోగించేస్తుంటాడు.

ఈ రోడ్డు మీద నాకు చాలా ఇష్టమైనవి డివైడరు మీద పెంచిన గన్నేరు చెట్లు, కాగితం పూల మొక్కలు. అందానికి పెట్టారనుకుంటారు చాలామంది. అవతలివైపు బళ్ల వెలుగు మన కళ్లలో పడకుండా ఆపేదీ అవే. గుబురుగా ఉన్నంత మేరా నా ప్రాణం హాయిగా ఉంటుంది. ఎండిపోయినచోట, ఊళ్లోకి దారి కోసం తెరిచినచోట ఒక్కసారిగా వెలుగు మీద పడుతుంది. చిట్యాల దాటాక ఆ సందుల్లోంచి తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు, ఒకదాని వెనక ఒకటి. రాత్రిపూట డిప్పర్ వాడమని లారీల వెనక రాసి ఉంటుంది చూశారూ, అలా రాయించుకున్న లారీవాడైనా వాడితే బాగుండును!

డాక్టరు చెప్పిన చిట్కాలూ, నేను సొంతంగా కనిపెట్టినవీ అన్నీ ఆ రోజు బయటికి తీశాను. ఎదుటి లైటు వంక చూడకుండా రోడ్డుకు ఎడమ అంచున ఉండే తెల్లగీతను పట్టుకోవడం. డాష్‌బోర్డు వెలుతురు తగ్గించడం. ముందద్దాన్ని లోపలివైపు నుంచి తుడవడం... బయట అందరూ తుడుస్తారు, లోపల పేరుకున్న మసక ఎవరికీ పట్టదు. దానికి తడిపిన పాత పేపరును మించింది లేదు. (మా పేపరే కానక్కర్లేదు.) అన్నిటికంటే బాగా పనిచేసేది మాత్రం ఆర్టీసీ బస్సు. తగినంత దూరంలో దాని వెనక ఎర్రలైట్లు చూసుకుంటూ పోవడమే. నార్కెట్‌పల్లి దాకా ఓ బస్సు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అక్కడ అది నల్గొండ వైపు తిరిగిపోయింది. నేను ఒంటరినైపోయాను.

కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర గాలి కోసం అద్దం దించడం నేను చేసిన తప్పు. కోతల రోజులు. గాలి నిండా దుమ్ము. కుడికంట్లో మంట మొదలైంది. నీళ్లు కారుతున్నాయి. ఆ కన్ను మూసుకుని ఎడంకంటితో నడుపుతున్నాను. ఆపేయాలి. ఆపేయాలని తెలుసు కూడా. కానీ అమ్మ ఆస్పత్రిలో ఉంది.

మూసీ వంతెన ఇంకా రాలేదు. ముందు రోడ్డు ఖాళీగా ఉందనే అనుకున్నాను. ఖాళీగా ఉన్నచోటే ఓ నల్లటి గోడ లేచింది. పత్తి బోరాల ట్రాక్టరు. వెనక లైటు లేదు, ఓ రేడియం ముక్కయినా లేదు. బ్రేకు మీద నిలబడి బండిని కుడికి లాగేశాను. ఆ సమయంలో కుడివైపు ఎవరూ రాకపోవడం నా తెలివి కాదు. దాటుతూ పైకి చూస్తే బోరాల మీద పదేళ్ల కుర్రాడొకడు కూర్చుని నావంకే చూస్తున్నాడు. వాడికి నేను ఎప్పట్నుంచో కనిపిస్తూనే ఉండి ఉంటాను.

సూర్యాపేట శివార్లలో ఓ దాబా ముందు కారు ఆపేసరికి తొమ్మిదిన్నర. లెన్సులు తీసి డబ్బాలో వేశాను. ఇక వెలుగులన్నీ పత్తికాయలు పగిలినట్టే.

'ఏం సార్, కన్ను గట్ల ఎర్రగైంది? మందు గిట్ల తాగి నడుపుతలేవు గద?' పక్క మంచం మీంచి అడిగాడొకాయన. యాభై దాటి ఉంటాయి. హుజూర్‌నగర్ వైపు మనిషి. సిమెంటు లోడుతో హైదరాబాద్ వెళుతున్నాడు. నా కథ చెప్పాను. 'నీకు నాలుగు లైట్లు కొడ్తయా? నాకు రెండేండ్ల సంది అన్నీ పొగలకెల్లి కనవడ్డట్టే. శుక్లమంట' అంటూ జేబులోంచి పసుపురంగు అద్దాలు తీశాడు. నూటయాభై రూపాయలట. రాత్రి డ్రైవింగుకి భలే ఉంటాయని అమ్మినవాడు చెప్పాడట. ఎదుటి లైట్ల మధ్య నడిచే మనిషిని గుర్తుపట్టడంలో ఈ పసుపు అద్దాలతో ఒరిగేదేమీ లేదని 2019లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఆ మాటే చెప్పాను. 'నాకెర్కే సార్. ధైర్యానికి పెట్టుకుంట' అన్నాడు.

శుక్లం ఆపరేషను సర్కారు ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. నా కార్నియాలా కాదు, మబ్బుపట్టిన కటకం తీసి కొత్తది పెడితే చాలామందికి చూపు తేటపడుతుంది. అదీ ఆయనకు తెలుసు. 2018లో కంటి వెలుగు శిబిరం ఊరికొచ్చిన రోజు ఆయన నాగపూర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత వెళ్దామంటే నాలుగు వారాలు బండి దిగాలి. 'కన్ను పోతదని భయం గాదు. సీటు పోతదని. ఓనరు ఇంకోణ్ని ఎక్కిస్తడు, అంతే.'

మరి లైసెన్సు రెన్యువల్‌కి ఏం రాశావన్నా అని అడిగాను. నవ్వాడు. ఏజెంటు రాశాడట, ఈయన సంతకం పెట్టాడట. ఆయన్ని అనే అర్హత నాకేం ఉంది? లైసెన్సు దరఖాస్తుతో మనం ఇచ్చే ఆరోగ్య ప్రకటనలో కంటి గురించి అడిగేవి కొన్నే. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనిపిస్తుందా? ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? ఆఖరిదానికి 'లేదు' అని నేనే రాశాను. నాది వైద్యుల భాషలో రేచీకటి కాదు కాబట్టి అబద్ధం కాదు. పత్తిబోరాల మీది కుర్రాడి ముఖం గుర్తొస్తే నిజమని కూడా అనలేను.

టీ అయ్యాక లేవబోయాను. ఇంకా దాదాపు 90 కిలోమీటర్లు. ఆయన నా చేతిలోని తాళం చెవి వంక చూశాడు. 'ఇంక నడపకు సార్. మునగాల కాడ వడ్లు ఆరబోసిన్రు. సుట్టూ రాళ్లు వెట్టిన్రు.'

'నువ్వు నడపట్లేదా అన్నా?'

'నాకు రాయి ఏడుందో తెల్సు. నీకు తెల్వది.'

కారు దాబా యజమానికి అప్పజెప్పి, విజయవాడ వెళ్లే బస్సు ఎక్కాను. తప్పు చేసినవాడిలా ఆఖరి సీట్లో కూర్చున్నాను. ఊరెళ్లడానికి కారు కొనుక్కున్నదే నేను, అమ్మకి బాగోలేని రాత్రి బస్సులో వెళుతున్నదీ నేనే. నందిగామ చేరేసరికి పన్నెండు కావొస్తోంది. తుంటి ఎముక విరిగింది. 'రాత్రిపూట కారు నడుపుకుంటూ వచ్చావా?' అన్నది అమ్మ మొదటి మాట. బస్సులో వచ్చానంటే కళ్లు మూసుకుని పడుకుంది.

వారం తర్వాత కారు తెచ్చుకోవడానికి ఊరి నుంచి పగటిపూట బస్సులో బయల్దేరాను. మునగాల దగ్గర కిటికీలోంచి చూస్తే అవతలి రోడ్డు ఎడమ వరుసలో రాళ్లు కనిపించాయి. వడ్లు ఎత్తేశారు, రాళ్లు అలాగే ఉన్నాయి. నా తెల్లగీత సరిగ్గా వాటి మధ్య నుంచే వెళుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో దీనికో టైంటేబులు ఉంది. ఊరెళ్లేటప్పుడు తూర్పుముఖం కాబట్టి, సూర్యుడు పైకెక్కాక పదింటికి బయల్దేరతాను. వచ్చేటప్పుడు పడమర ఎండ కొట్టకముందే ఇల్లు చేరేలా చూసుకుంటాను. చీకటి పడితే బస్సే. మా ఆవిడ కారు నేర్చుకుంటోంది.

2023లో సంక్రాంతి వెళ్లాక ఓ సాయంత్రం ఆయన ఫోను చేశాడు. ఆ రాత్రి నంబర్లు తీసుకున్నాం. ఓనరు నాలుగు వారాలు సెలవిచ్చాడట, తిరిగొచ్చాక బండి ఇస్తాడో లేదో చెప్పలేదట. 'ఓపీ చీటీ ఏడ రాస్తరు సార్?' మెహదీపట్నంలో సరోజినీదేవి ఆస్పత్రికి పొద్దున్నే వచ్చేయమనీ, గేటు దగ్గర ఉంటాననీ చెప్పాను.

'కార్ల వస్తవా సార్?' అన్నాడు అనుమానంగా.

'పగలే కదన్నా' అన్నాను.